అగాధంలోని వింతా, ఊరి చెరువులోని నీరూ

వింతను చూసి ఆశ్చర్యపోవడం మనిషికి సహజం. అయితే దేన్ని చూసి ఆశ్చర్యపోవాలి, దేన్ని చూసీ చూడనట్టు వూరుకోవాలి అనేది మాత్రం సహజం కాదు. అది సంఘం నేర్పే విషయం. ఈ రెండింటికీ వున్న తేడాను గుర్తించకపోవడంవల్ల మన అభ్యుదయవాదుల్లో కొంత గందరగోళం వుంది. కొందరు ఆశ్చర్యాన్నే అనుమానిస్తారు. మరికొందరు ఆశ్చర్యపడే వస్తువును గురించి ప్రశ్నించడమే పాపమంటారు. ఈ విషయాన్ని కాస్త నిదానంగా ఆలోచించడం అవసరమని నాకు తోచింది.

ఉదాహరణకు వొక జంతువును తీసుకుందాం. 2025 మార్చి 9న దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో, సౌత్ శాండ్‌విచ్ దీవుల దగ్గర, మనిషి ఎక్కని యంత్రం వొకటి 600 మీటర్ల లోతుకు దిగి, కొలోసల్ స్క్విడ్ అనే ప్రాణిని బతికి వుండగా, దాని సొంత తావులో, మొట్టమొదటిసారిగా చిత్రం తీసింది. వెన్నెముక లేని జంతువులన్నిటిలోకీ బరువైనది ఇదే. దానికి ఎనిమిది చేతులూ, అవి చాలనట్టు రెండు పొడుగాటి తంతువులూ వుంటాయి. ఈ జాతికి శాస్త్రజ్ఞులు 1925లో పేరు పెట్టారు. పేరు పెట్టిన నూరేళ్ళకు గాని దాని నివాసంలో దాని ముఖం చూడలేకపోయారు. ఏప్రిల్‌లో ఆ చిత్రం బయటికి రాగానే ప్రపంచమంతా చూసింది. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలోని చిట్కుల్‌లో, షిఫ్టు దిగి వచ్చిన కార్మికులు అద్దెగదుల్లో పడుకుని ఫోన్లలో చూశారు. నా దగ్గర చదువుకునే పిల్లలూ చూశారు. ఆ వారమంతా వాళ్ళకు మరో మాట లేదు.

ఇందులో గమనించదగ్గ సంగతి వొకటి వుంది. ఆ రోజు కెమెరాకు చిక్కినది పిల్లజంతువు. దాని పొడవు సుమారు 30 సెంటీమీటర్లు, అంటే బడిపిల్లవాడి స్కేలంత. ఒళ్ళు గాజులాగా పారదర్శకంగా వుంది. చూడడానికి ఎంతో సుకుమారంగా వుంది. కాని మావాళ్ళు వొకరికొకరు పంపుకున్న బొమ్మల్లో ఆ పిల్లజంతువు పక్కన ఓడలను చుట్టి ముంచేస్తున్న రాక్షసి వుంది. అంటే జనానికి కావలసింది ఆ ప్రాణి కాదు, దాని పరిమాణం. పరిమాణం కూడా కాదు, భయం. కుర్చీలో కూచుని భయపడే సౌకర్యం. ఈ సౌకర్యాన్ని తయారుచేసి అమ్మేవాళ్ళు నూటయాభై ఏళ్ళుగా వున్నారు.

మరి ఈ జంతువును మొదట చూసినదెవరు? పండితులు కాదు. నావికులూ, తిమింగలాలను వేటాడే కూలీలూ, జాలరులూను. వాళ్ళు తరతరాలుగా చెబుతూనే వున్నారు. పండితులు నమ్మలేదు. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు స్టీన్‌స్ట్రప్ 1857లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్కలను పరిశీలించి, రాక్షస స్క్విడ్ అనేది నిజంగా వుందని చెప్పి, ఆర్కిట్యూతిస్ అని పేరు పెట్టాడు. అయినా 1861లో అలెక్టాన్ అనే ఫ్రెంచి యుద్ధనౌక సిబ్బంది కెనరీ దీవుల దగ్గర అలాంటి జంతువును కళ్ళారా చూసి, తాడు వేసి లాగి, తాడుకు తెగివచ్చిన తోకముక్కను పట్టుకుని, ఆ సంగతి ప్యారిస్ పండితులకు తెలియజేస్తే, అది కట్టుకథ అన్నవాళ్ళే ఎక్కువ.

1873లో న్యూఫౌండ్లాండ్‌లో జాలర్ల వలలో వొక రాక్షస స్క్విడ్ పడింది. మోజెస్ హార్వే అనే మతబోధకుడు దాన్ని పది డాలర్లకు కొన్నాడు. తన స్నానపుగదిలోని కడ్డీమీద వేలాడదీసి ఫోటో తీయించాడు. ఆ ఫోటోతో సందేహాలు చాలావరకు తీరిపోయాయి. మరుసటి ఏడు ఆ జంతువుకు వొక శాస్త్రజ్ఞుడు శాస్త్రీయనామం పెడుతూ హార్వే పేరు కలిపాడు. పట్టినవాళ్ళ పేరు పెట్టలేదు. కొన్నవాడి పేరు పెట్టాడు! హార్వే చేసిన మేలు తక్కువేమీ కాదు. ఆయన కొనకపోతే ఆ జంతువు ఏ ఎరువుకో, కుక్కలకో పోయేది. కాని జ్ఞానచరిత్రలో శ్రమకూ, కొనుగోలుకూ దక్కే స్థానాలేమిటో ఈ చిన్న సంగతి చక్కగా చెబుతుంది.

కొలోసల్ స్క్విడ్ కథా ఇంతే. 1925లో రాబ్సన్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని వర్ణించింది స్పెర్మ్ తిమింగలం కడుపులో దొరికిన రెండు చేతుల గుత్తులను బట్టి. తిమింగలాల వేట లేకపోతే ఆ ముక్కలు ఆయన బల్లమీదికి వచ్చేవి కావు. ఇక 2007లో అంటార్కిటికా దగ్గర రాస్ సముద్రంలో న్యూజీలండ్ పడవకు దొరికిన 495 కిలోల జంతువు సంగతి చూడండి. ఆ పడవ వెళ్ళింది స్క్విడ్ కోసం కాదు, టూత్‌ఫిష్ కోసం. సంపన్న దేశాల హోటళ్ళలో పెద్దధర పలికే చేప అది. గాలానికి చిక్కిన టూత్‌ఫిష్‌ను తింటూ తింటూ ఈ జంతువు పైకొచ్చింది. పది మీటర్లుందని పత్రికలు రాశాయి. మరుసటి ఏడు వెల్లింగ్టన్‌లోని తె పాపా మ్యూజియంలో మంచు కరిగించి కొలిస్తే 4.2 మీటర్లు తేలింది. దాన్ని చక్రాలుగా కోసి వేయిస్తే వొక్కొక్కటీ ట్రాక్టరు టైరంత వుంటుందన్న మాట మాత్రం అప్పటికే లోకమంతా పాకిపోయింది. మన కాలపు నాగరికతకు ఎంతటి వింతైనా చివరికి వొక ప్లేటు లెక్కలోనే అర్థమవుతుంది కాబోలు.

పెద్దదాన్ని గురించిన ఈ మోజు వెనక వొక తాత్విక భావం కూడా వుంది. అది మనకు కొత్తది కాదు. తిమి అనే పెద్దచేపను మింగేది తిమింగిలం; ఆ తిమింగిలాన్ని మింగేది మరొకటుందని మన పూర్వులు ఊహించారు. పెద్దచేప చిన్నచేపను తినడమే లోకధర్మమనీ, దాన్ని అదుపు చేయడానికే రాజు అవసరమనీ చెప్పి, దానికి మాత్స్యన్యాయమని పేరు పెట్టారు. రాజులు పోయినా ఆ న్యాయం పోలేదు. ఇప్పుడు దాన్ని పోటీ అంటారు, మార్కెట్ అంటారు. పెద్ద కంపెనీ చిన్న కంపెనీని మింగితే పత్రికలు ‘తిమింగలం’ అని మెచ్చుకుంటూ రాస్తాయి. సముద్రపు రాక్షసుల బొమ్మలు చూసి పెరిగినవాడికి ఈ మింగుడు ప్రకృతిసిద్ధంగానే కనిపిస్తుంది. ప్రకృతిలోనే వుంటే మనమేం చేస్తాం అనుకుంటాడు.

అయితే ప్రకృతి ఏమంటోంది? కొలోసల్ స్క్విడ్ శరీరధర్మాన్ని అంచనా కట్టి 2010లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రకటించిన దాని ప్రకారం, ఐదువందల కిలోల ఆ జంతువుకు రోజుకు 30 గ్రాముల తిండి చాలు. అది ఓడల వెంటబడే వేటగాడు కాదు. చల్లని చీకటి నీటిలో కదలకుండా కాచుకుని, దగ్గరికొచ్చినదాన్ని పట్టుకుని బతికే మందకొడి ప్రాణి. మరోపక్క స్పెర్మ్ తిమింగలాలకు అదే ఆహారం. ఫుట్‌బాల్ కన్నా పెద్దదైన దాని కన్ను దూరంనుంచి వచ్చే తిమింగలాన్ని కనిపెట్టి తప్పించుకోవడానికే అంత పెద్దదైందని కొందరు శాస్త్రజ్ఞుల వాదన. కాబట్టి మన బొమ్మల్లోని రాక్షసి వాస్తవానికి భయపడే జంతువు. మాత్స్యన్యాయానికి సాక్షిగా పిలిచిన జంతువే ఆ న్యాయానికి ఎదురు తిరిగింది! రోజుకు 30 గ్రాములతో తృప్తిపడే భారీ శరీరం, ఎంత మింగినా తృప్తిపడని పెట్టుబడికి పోలిక ఎలా అవుతుంది? మనిషి సంఘంలోని దోపిడీని చేపలమీదికి తోసి తప్పించుకోవడం కుదరదు.

ఇక్కడ నా సహోపాధ్యాయుడొకాయన అడ్డుతగిలాడు. ‘ఇదంతా దేనికి? ఈ స్క్విడ్‌లూ, గ్రహాలూ, రాక్షసిబల్లులూ జనాన్ని మభ్యపెట్టడానికి వేసే మత్తుమందులు. వాళ్ళ దృష్టి తమ బతుకుమీద పడకుండా చేసే ఎత్తు. వీటిని గురించి పిల్లలకు చెప్పడమే తప్పు’ అన్నాడు. ఈ వాదంలో కొంత నిజం వుంది గనకనే ఇది ప్రమాదకరం. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి చచ్చిన నీలి తిమింగలం వొకటి కొట్టుకొచ్చింది. చుట్టుపక్కల వూళ్ళ జనం విరగబడి వచ్చారు, ఫోటోలు దిగారు. అది ఎందుకు చచ్చిందన్న ప్రశ్న ఆ ఫోటోల వెంట ప్రయాణం చేయలేదు. వింత చూపే సంతలో కారణానికి దుకాణం వుండదు.

కాని అదే తీరంలో మరో సంగతీ జరిగింది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరాన, చేపల్లోకెల్లా పెద్దదైన వేల్ షార్క్ వొకటి వలలో పడి ఒడ్డుకొస్తే, అటవీశాఖవారూ, జాలరులూ కలిసి దాన్ని తిరిగి సముద్రంలోకి పంపించారు. అక్కడి జనమూ ఆశ్చర్యపోయారు. అయితే ఆ ఆశ్చర్యం ఫోటో దగ్గర ఆగిపోలేదు, చేతుల్లోకి దిగింది. కాబట్టి తప్పు ఆశ్చర్యానిది కాదు. అది ఎటు నడుస్తుందన్నదే ప్రశ్న. ఆశ్చర్యపడడం మానేసిన కార్మికుడు యజమానికి మరింత అనుకూలం. తన ముందున్న లోకం ఎప్పుడూ ఇలాగే వుందనీ, ఇలాగే వుంటుందనీ అనుకునేవాడు దాన్ని మార్చాలని అనుకోడు. పొట్టకూటికి పనికిరాని విషయాలు తెలుసుకునే హక్కు ధనవంతుల పిల్లలకే వుందని మనమే తీర్పు చెబితే, ఆ తీర్పు ఏ వర్గానికి మేలు చేస్తుంది?

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన వాదన కూడా విన్నాను. ‘శాస్త్రం శాస్త్రం కోసమే. జ్ఞానానికి ప్రయోజనం అడగకూడదు, ఖర్చు అడగకూడదు’ అని. ఇదీ వొప్పుకోదగ్గది కాదు. 2025లో ఆ చిత్రం తీసిన నౌకను నడిపేది గూగుల్ మాజీ అధిపతి ఎరిక్ ష్మిట్, ఆయన భార్య వెండీ 2009లో స్థాపించిన సంస్థ. వాళ్ళు సేకరించిన సమాచారాన్ని అందరికీ ఉచితంగా అందిస్తున్నారు, అది మెచ్చుకోదగ్గదే. కాని ప్రపంచంలోని సముద్రాల అడుగున దేన్ని ముందు వెదకాలో, వొక కుటుంబం ఔదార్యంమీద ఆధారపడి నిర్ణయం కావడం మెచ్చుకోదగ్గది కాదు. మన ప్రభుత్వం 2021లో ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్ సంగతీ వుంది. దానికి 4,077 కోట్ల అంచనా వేశారు. ముగ్గురు మనుషులను 6,000 మీటర్ల లోతుకు తీసుకుపోయే ‘మత్స్య’ వాహనం తయారీ అందులో భాగం. సముద్రగర్భంలోని జీవరాశిని తెలుసుకోవడం వొక ఆశయం. అక్కడి లోహపు ముద్దలను తవ్వుకురావడానికి దారి వేయడం మరో ఆశయం. కుతూహలమూ, గనుల ఆశా వొకే పడవలో ప్రయాణం చేస్తున్నప్పుడు, ప్రయోజనం అడగకండి అనడం అమాయకత్వమైనా కావాలి, మరొకటైనా కావాలి.

మా పిల్లల్లో వొకడు ఈ చర్చనంతటినీ రెండు మాటల్లో తేల్చేశాడు. ‘సార్, గంత లోతులున్న జంతువును కెమెరా వెట్టి సూసిన్రు. మన చెర్ల నీళ్లల్ల ఏమున్నదో సూడనీకె ఎంత పెద్ద కెమెరా గావాలె?’ అన్నాడు. 600 మీటర్లంటే సుమారు రెండువేల అడుగులు. వెయ్యి అడుగుల బోరు తెలంగాణ రైతుకు కొత్త కాదు. అగాధమంటే అంతకు రెండింతలు, అంతే. ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు మాత్రం వొక పీరియడ్‌లో చెప్పగలిగేది కాదు.

పటాన్‌చెరు ప్రాంతంలో పరిశ్రమలు 1970ల నుంచి పెరిగాయి. నక్కవాగు పొడుగునా వున్న వూళ్ళవాళ్ళు నీటి రంగు మారిందనీ, పొలం చచ్చిపోయిందనీ, పశువులు తాగడంలేదనీ 1980లలోనే చెప్పారు. ఆ వాగు పోయి మంజీరలో కలుస్తుంది. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడినుంచి హైకోర్టుకూ, ఆపైన జాతీయ హరిత ట్రిబ్యునల్‌కూ మారి, 2017లో గాని తీర్పు వెలువడలేదు. ఫిర్యాదు చేసిననాటి పిల్లలు తీర్పునాటికి పిల్లల తండ్రులయ్యారు.

ఈ మధ్యలో, 2007లో, స్వీడన్‌కు చెందిన యోకిం లార్సన్ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ వొక పరిశోధన ప్రకటించారు. పటాన్‌చెరులో సుమారు తొంభై మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసే కేంద్రం వుంది. శుద్ధి అయిందని అది బయటికి వదిలే నీటిని వాళ్ళు పరీక్షించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మందు వేసుకున్న రోగి నెత్తుటిలో వుండే మోతాదుకన్నా అది ఎక్కువ. అది రోజుకు సుమారు 45 కిలోల మందు. తొంభై లక్షల జనాభా వున్న స్వీడన్ దేశమంతా ఐదురోజుల్లో వాడుకునేంత. 2009లో వచ్చిన మరో పరిశోధన ఈ ప్రాంతపు గ్రామాల బావుల్లో కూడా మందుల ఆనవాళ్ళున్నాయని చూపింది. ఇలాంటి నీటిలో సూక్ష్మజీవులు మందుకు లొంగకుండా వుండడం నేర్చుకుంటాయి. రేపు మన పిల్లవాడికి జ్వరమొస్తే మందు పనిచేయకపోవచ్చు. కొలోసల్ స్క్విడ్ ఇంతవరకు వొక్క ఓడనూ ముంచిన దాఖలా లేదు. కంటికి కనిపించని ఈ సూక్ష్మజీవి ముంచగలిగినది మాత్రం అంతా ఇంతా కాదు. రాక్షసి ఏదో, దాని పరిమాణాన్ని బట్టి తేల్చగలమా?

ఇప్పుడు ఆ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడండి. నావికులు తరతరాలుగా చెప్పారు. జంతువును మతబోధకుడి స్నానపుగదిలో వేలాడదీసేదాకా నమ్మలేదు. రైతులు ఇరవై ఏళ్ళు చెప్పారు. స్వీడన్ ప్రయోగశాల అంకెలు వేసేదాకా లోకం నమ్మలేదు. సాక్ష్యం అడగడం శాస్త్రం చేసిన తప్పని నేననడంలేదు. నావికులు నిజాలతోపాటు కోతలూ కోశారు. రుజువు లేనిదే నమ్మకపోవడమే శాస్త్రానికి బలం. కాని రుజువు చేసే సాధనాలు వొకరి చేతిలో వుండి, రుజువు చేయవలసిన బాధ్యత మాత్రం ఆ సాధనాలు లేనివాడి నెత్తిన పడితే, అది శాస్త్రం కాదు. శాస్త్రం వేషంలో వున్న అధికారం. నీళ్ళు కంపు కొడుతున్నాయన్న రైతును ‘పరీక్ష రిపోర్టు ఏదీ?’ అని అడిగేవాడు, ఆ పరీక్షకయ్యే ఖర్చెంతో, యంత్రం ఎక్కడుందో చెప్పడు.

చూసే పద్ధతిని గురించి కూడా ఆ అగాధపు పరిశోధకులు మనకొక పాఠం నేర్పారు. రాక్షస స్క్విడ్‌ను వెదకడానికి పెద్దపెద్ద దీపాలతో, చప్పుడుచేసే యంత్రాలతో దిగినప్పుడల్లా అది కనిపించలేదు. ఎడిత్ విడ్డర్ అనే శాస్త్రజ్ఞురాలు ఆ జంతువుకు కనిపించని ఎర్రదీపం పెట్టి, జెల్లీచేప వెలుగును అనుకరించే ఎరను కట్టి, చప్పుడులేని కెమెరాను వదిలింది. జపాన్ శాస్త్రజ్ఞుడు కుబొడెరాతో కలిసి వెళ్ళిన 2012 యాత్రలోనూ, మళ్ళీ 2019లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోనూ ఆ పద్ధతే ఫలించింది. తాను వస్తున్నానని ముందే చాటుకుంటూ పోయేవాడికి ఏదీ కనిపించదన్నమాట. పారిశ్రామిక వాడల్లో తనిఖీ సంగతి తెలిసినవాళ్ళకు దీని అర్థం వేరే చెప్పనక్కరలేదు. వానపడిన రాత్రి వాగులోకి వచ్చే నీరు వేరు. జీపు వచ్చిన పగలు కనిపించే నీరు వేరు. స్క్విడ్‌కోసం పెట్టిన ఓపికలో పదోవంతు ఆ రాత్రి వాగుమీద పెడితే తెలిసేది చాలా వుంది. 2017లో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలినప్పుడు ఆ వింతను చూడడానికి లోకమంతా రాలేదు. వచ్చినవాళ్ళు ఆ చేపలమీద బతికే కుటుంబాలవాళ్ళు. వాళ్ళకది వింత కాదు; ఆ ఏటి తిండి.

కొలోసల్ స్క్విడ్ చిత్రం విడుదలైన రెండున్నర నెలలకు, 2025 జూన్ 30న, చిట్కుల్‌కు దగ్గరలోని పాశమైలారంలో సిగాచి పరిశ్రమ పేలిపోయింది. యాభైమందికి పైగా కార్మికులు చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్ళు. ఎనిమిదిమంది ఆనవాళ్ళు దొరకనే లేదు; చివరికి వాళ్ళను చనిపోయినవాళ్ళ కింద జమకట్టారు. సముద్రం అడుగున కంటపడని జంతువుకోసం మనిషి నూరేళ్ళు వెదికాడు. అది మానవజాతికి గర్వకారణమే. రోడ్డు పక్కన వున్న ఫ్యాక్టరీలో, హాజరు పట్టీలో పేరున్న మనిషి ఏమైపోయాడో తెలియకపోవడం మనకు ఎంతకాలం ఆశ్చర్యంగా వుంది? ఎన్ని రోజులు మాట్లాడుకున్నాం? ఈ రెండిటినీ పోల్చడం స్క్విడ్‌ను నిందించడానికి కాదు. మన ఆశ్చర్యం ఎక్కడ త్వరగా చల్లారుతుందో కొలుచుకోవడానికి.

ఎక్కడ చల్లారుతుంది? కారణం మన దగ్గరే వున్నచోట. కారణాన్ని అడిగితే వొకరికి కోపం వచ్చేచోట. అగాధపు జంతువును చూసి ఎంత ఆశ్చర్యపోయినా ఎవరికీ నష్టం లేదు కనుక, ఆ ఆశ్చర్యానికి ఎవరూ అడ్డురారు. చెరువు నీటిని చూసి ఆశ్చర్యపోతే మరునాడు ప్రశ్న పుడుతుంది, ప్రశ్న పుడితే సంఘం పుడుతుంది. అందుచేత మొదటిదాన్ని పెంచుతారు, రెండోదాన్ని అలవాటు చేస్తారు. అలవాటంటే ఆశ్చర్యాన్ని చంపడమే.

కాబట్టి ఉపాధ్యాయులమూ, విద్యార్థులమూ చేయవలసింది పిల్లలచేతినుంచి స్క్విడ్‌ను లాక్కోవడం కాదు. దాన్ని పూర్తిగా ఇవ్వాలి: దాని గాజు ఒంటితో, దాని 30 గ్రాముల తిండితో, దాన్ని పట్టిన జాలరులతో, పది డాలర్ల బేరంతో సహా ఇవ్వాలి. బొమ్మలోని రాక్షసి స్థానంలో నిజమైన జంతువు కనిపించాక, వార్తలోని అభివృద్ధి స్థానంలో నిజమైన వాగు కూడా కనిపించే వీలుంటుంది. అంతటి లోతుకు చూపు సాగించగల మనిషి ఊరి చెరువు అడుగు చూడలేకపోతున్నాడంటే, లోపం అతని కంటిది కాదు. చూడనివ్వని ఏర్పాటుది. ఆ ఏర్పాటు సముద్రంలో పుట్టలేదు, దేవుడు చేయలేదు. మనుషులు చేసినది గనక మనుషులే దాన్ని మార్చగలరు.